ఎడమవైపు కింది మూల

నాలుగురోజులు ఊరెళ్ళి తిరిగొచ్చేసరికి వంటింట్లో పోపులపెట్టె చోటు మారి ఉంటే ఇల్లాలికి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? నూనె కాగుతూ ఉంటుంది. చెయ్యి దానంతట అదే అలవాటైన అరలోకి వెళుతుంది. అక్కడ ఆవాలకు బదులు అగ్గిపెట్టె తగులుతుంది. "ఎవరమ్మా సర్దిందీ?" అని కేకేస్తాం. "నేనే అత్తయ్యా, ఇప్పుడు చూడండి ఎంత అందంగా ఉందో!" అంటుంది కోడలు. నిజమే, అందంగానే ఉంటుంది. కానీ ఈలోగా నూనె మాడింది గదా!

ఈ వారం నేను చెప్పబోయేది పోపులపెట్టె సంగతి కాదు, కంప్యూటరు సంగతి. ఆ పేరు వినగానే పుట తిప్పెయ్యకండి. ఇది మా అక్క కథ. మా అక్కది ఉదయగిరి, నాది ఆత్మకూరు. మా అక్క అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కొండకింద ఊళ్ళో కాపురం చేస్తూ, అరవై దాటాక కంప్యూటరు నేర్చుకుంది. ఎందుకంటారా? కొడుకు డల్లాసులో ఉన్నాడు గనక.

2010లో వాడు వచ్చినప్పుడు తల్లికి ఒక లాప్‌టాప్ కొనిచ్చి, పక్కన కూచుని నేర్పిపోయాడు. అక్క ఒక నలభై పేజీల నోటుబుక్కులో అంతా రాసుకుంది. మొదటి పేజీలో మొదటి మాట ఇదీ: "ఎడమవైపు కింది మూల గుండ్రటి బొమ్మ నొక్కాలి." రెండోది: "పైకి లేచిన చీటీలో నీలం రంగు మబ్బు లాంటిది వెతకాలి." ఇట్లా పదకొండు మెట్లు. పదకొండో మెట్టు దగ్గర రాసుకున్న మాట చూస్తే నవ్వూ వస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి. "అబ్బయ్య కనపడతాడు" అని!

ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి అక్క తలదువ్వుకుని, పూలు పెట్టుకుని ఆ పెట్టె ముందు కూచునేది. అప్పుడు వాళ్ళకి శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మనవరాలు పుట్టాక ఆ పిల్లా తెరమీద కనపడ్డం మొదలుపెట్టింది. కనపడ్డమంటే ఉత్త కనపడ్డం కాదు. ఉదయగిరి కొయ్య చెంచాలు మీరు వినే ఉంటారు. కొండల్లో దొరికే కొయ్యతో అక్కడి పనివాళ్ళు చేత్తో చెక్కే గరిటెలకీ, చెంచాలకీ, ఫోర్కులకీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్క ఒక చిన్న చెంచా మనవరాలికి పంపింది. అలాంటిదే ఒకటి తన దగ్గర పెట్టుకుంది. ఆదివారంనాడు ఇక్కడ అక్క చెంచాతో కంచం మీద టకటక కొడితే, అక్కడ ఆ పిల్ల తన చెంచాతో టకటక కొట్టేది. అవ్వకీ మనవరాలికీ భాష అదే.

అలా మూడేళ్ళు గడిచాయి. 2013 వేసవిలో ఆ లాప్‌టాప్ పాడైపోయింది. తప్పెవరిదీ కాదు, మా బావ చేతిలో కాఫీ గ్లాసుది. కొడుకు డబ్బు పంపాడు, నెల్లూరు నుంచి కొత్తది వచ్చింది. కొత్తదంటే మాటలా? పాతదానికన్నా సన్నం, తేలిక, వేగం. అక్క సంబరంగా బొట్టు పెట్టి తెరిచింది.

ఆ తరవాత మూడు ఆదివారాలు అక్క కొడుక్కి కనపళ్ళేదు.

నాకు ఫోను చేసినప్పుడు, "కరెంటు లేదే, ఏం చేసేది?" అంది. కొడుక్కీ అదే చెప్పింది. మేం నమ్మాం. ఆ ఏడు కరెంటు కోతలు ఎలా ఉండేవో మనకందరికీ జ్ఞాపకమే. కానీ మూడో ఆదివారం నాకెందుకో అనుమానం వచ్చింది. లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది గదా! పైగా అక్క గొంతులో ఏదో తేడా. సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. ఎండెక్కేసరికి ఉదయగిరి కొండ కనపడింది.

వెళ్ళి చూద్దును గదా, కొత్త లాప్‌టాప్ బల్లమీద ఉంది. దానిమీద తువ్వాలు కప్పి ఉంది.

"ఇదేంది బావా?" అన్నాను.

"ఆర్పటం తెలియలేదు. వెలుగు కళ్ళలో పడకుండా కప్పా," అన్నాడు బావ. ముప్ఫై అయిదేళ్ళు బడిలో పనిచేసి, హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి! "నేనేదో ఒకటి నొక్కితే వాతావరణం వచ్చింది. తెరంతా వాతావరణమే. మూసేదానికి మూలన ఇంటూ గుర్తు ఉండాలి గదా, అది లేదు. రెండు రోజులు మా ఇంట్లో వాతావరణమే!"

తువ్వాలు తీసి చూశాను. తెరనిండా రంగురంగుల చదరాలు, బడిపిల్లల పలకలు వరసగా పేర్చినట్టు. కొన్ని పలకల మీద బొమ్మలు వాటంతట అవే మారుతున్నాయి. ఎడమవైపు కింది మూల చూశాను. అక్కడ ఏమీ లేదు.

అక్క వంటింట్లోంచి రాలేదు. నేనే వెళ్ళాను. నోటుబుక్కు పొయ్యిగట్టు మీద పెట్టి ఉంది.

"నాకు వచ్చిన చదువంతా పోయిందే," అంది అక్క. "మొదటి మెట్టే లేదు. ఇంక పదకొండో మెట్టు యాడుంటుంది? వాడికి చెప్పాలంటే సిగ్గేసింది. మా అమ్మకు మళ్ళా మొదట్నించీ చెప్పాల్నా అనుకోడూ? కరెంటు మీద పెట్టేశా."

నాకు ఒక్కసారి ఒళ్ళు మండింది. అక్క మీద కాదు. అరవై ఏళ్ళు దాటిన మనిషి కష్టపడి ఒక విద్య నేర్చుకుంటే, ఒక రాత్రిలో అది చెల్లని కాసు అయిపోయింది. పైగా సిగ్గుపడుతున్నది ఎవరు? కాసు మార్చినవాళ్ళు కాదు, కాసు పట్టుకుని నిలబడ్డ మనిషి!

సరే, కోపంతో కంప్యూటరు తెరుచుకోదు గదా. నాకూ ఆ పలకల సంగతి తెలియదు. నెల్లూరులో ఇంజనీరింగు చదువుతున్న మావాడికి ఫోను చేశాను. వాడు నవ్వి, "అమ్మా, తెరమీద వెతక్కు. కింద కీబోర్డు చూడు. ఆఖరి వరసలో ఎడమపక్కన కిటికీ బొమ్మ ఉన్న మీట ఉందా?" అన్నాడు.

ఉంది! తెరమీద మూలనుంచి మాయమైనది, చేతికింద ఆ మూలకు దగ్గర్లోనే ఉంది. అది నొక్కితే వాతావరణం పోయి పలకలొచ్చాయి. పలకలున్నప్పుడు ఇంకేమీ నొక్కకుండా మనకు కావలసినదాని పేరు టైపు చేస్తే చాలుట, అదే వెతికి పెడుతుందిట. ఒక కాగితం మీద అక్కకి స్కైపు స్పెల్లింగు అయిదక్షరాలు పెద్దవిగా గీసిచ్చాను. అక్క ఒక్కొక్క అక్షరం కాగితం మీద చూసి, కీబోర్డు మీద వెతికి, వేలితో పొడిచింది. స్కైపు కనపడింది. ఒకటి కాదు, రెండు! పాత పద్ధతిది ఒకటి, పలకల పద్ధతిది ఒకటి.

"వాడు ఏ దాంట్లో ఉండాడే?" అంది అక్క.

"రెండిట్లోనూ ఉన్నాడు పెద్దమ్మా," అన్నాడు మావాడు ఫోనులో.

పాతదాన్నే తెరిచి, దాని గుర్తును కింది పట్టీకి అంటించి పెట్టమన్నాడు. పెట్టాం. ఇక ఆర్పటం. మౌసును కుడివైపు మూలకి తీసుకెళితే పక్కనుంచి ఒక పట్టీ బయటికొస్తుందిట. అందులో సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్. ఇది వినేసరికి అక్కకి మొదటిసారి నవ్వొచ్చింది. "దీపం ఆర్పాలంటే బీరువా తెరవాల్నా!" అంది.

మరుసటి ఆదివారం దాకా ఉండిపోయాను. ఏడింటికి తెర వెలిగింది. కొడుకూ కోడలూ కనపడ్డారు. మనవరాలు కనపడింది. కానీ ఆ పిల్ల ఇటు చూసి, తల్లి భుజం వెనక దాక్కుంది. రెండేళ్ళ పిల్లకి నెలరోజులంటే తక్కువా? అక్క పిలిచింది. పలకలేదు. కోడలు బతిమాలింది. రాలేదు. అక్క మొహం నేను చూడలేకపోయాను. అప్పుడు బావ లేచి వంటింట్లోకి వెళ్ళి కొయ్య చెంచా, కంచం తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. అక్క టకటక కొట్టింది. పిల్ల తల బయటపెట్టింది. మళ్ళీ కొట్టింది. పిల్ల కిందికి జారి పరుగెత్తింది. తెరమీద ఖాళీ కుర్చీ. కాసేపటికి అవతలనుంచి టకటక వినపడింది.

ఆ రోజు కరెంటు పోయింది కూడా. కానీ బ్యాటరీ ఉంది గదా!

ఆత్మకూరు తిరిగొచ్చాక, అసలీ మూలనున్న బటన్‌ని ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని వాకబు చేశాను. తెలిసినకొద్దీ ఆశ్చర్యమేసింది.

మైక్రోసాఫ్ట్ వాళ్ళు 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదల చేసినప్పుడు ఆ స్టార్ట్ బటన్ పుట్టింది. ఎందుకు పెట్టారంటే, అంతకుముందున్న విండోస్‌ని కొత్తవాళ్ళ ముందుపెట్టి పరీక్షిస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది అలాగే కూచుండిపోయారుట. అందుకని 'మొదలు ఇక్కడ' అన్నట్టు మూలన ఒక గుమ్మం పెట్టారు. అంటే అది మా అక్కలాంటి వాళ్ళకోసం పెట్టిన గుమ్మమే! పదిహేడేళ్ళు ప్రపంచమంతా ఆ గుమ్మంలోంచే నడిచింది. 2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8లో దాన్ని మూసేశారు.

వాళ్ళ కారణం వాళ్ళకుంది. 2010లో ఐప్యాడ్ వచ్చింది. జనం తెరను వేలితో తాకటానికి అలవాటు పడుతున్నారు. వేలికి చిన్న బటన్ కన్నా పెద్ద పలక సుఖం. చేతిలో పట్టుకునే పలకకీ బల్లమీద పెట్టుకునే కంప్యూటరుకీ ఒకే మొహం ఉంటే బాగుంటుందనుకున్నారు. ఆలోచన తెలివైనదే. కానీ బల్లమీది కంప్యూటర్లలో చాలావాటి తెరలు తాకితే పలికేవి కావు. ఆ జనమంతా మౌసు పట్టుకుని గుమ్మం కోసం గోడ తడుముకున్నారు. గుమ్మం తీయించినంత మాత్రాన మనిషి గోడలోంచి దూరి పోలేడు గదా!

గుమ్మం దొరకనప్పుడు ఏం చెయ్యాలో మా ఉదయగిరివాళ్ళని అడగాలి. కృష్ణదేవరాయలవారు ఈ కోటకింద ఏడాదిన్నర కూచుని, బండలు పగలగొట్టించి దారి చేయించుకున్నారని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసిపెట్టాడు. 1514లో గానీ కోట చిక్కలేదు. విండోస్ జనమూ అదే చేశారు. క్లాసిక్ షెల్ అనే ఉచిత సాధనం ఒకటి, ఇంకా కొన్ని, పాత గుమ్మాన్ని తిరిగి తెచ్చిపెట్టేవి. లక్షణంగా వాటిని పెట్టుకున్నారు. తక్కినవాళ్ళు గోల చేశారు. ఆ గోల వృథా పోలేదు. 2013 అక్టోబరులో విండోస్ 8.1 వచ్చింది, బటన్ మూలకు తిరిగొచ్చింది. కానీ నొక్కితే మళ్ళీ ఆ పలకలే. గుమ్మం పెట్టారు గానీ తలుపు తీస్తే అదే గది! 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ ఆ సంస్థకు పెద్ద అయ్యారు. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. అందులో బటన్ నొక్కితే పూర్వంలాగే చీటీ పైకి లేచింది. పలకల్ని పారెయ్యలేదు, ఆ చీటీలోనే ఒక పక్కకి సర్దారు. మూడేళ్ళ పేచీ అలా రాజీ అయింది. తెలుగువాడు వచ్చాక తిరిగొచ్చిందని బావ మీసం దువ్వుకున్నాడు గానీ, అందులో మా అక్కలాంటి లక్షలమంది సణుగుడు కూడా ఉందని నేనంటాను.

మార్పు వద్దని నేననటం లేదు. పెద్ద మార్పుల్ని మనం తట్టుకోలేదా? 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చాయి. ఆ రోజుల్లో సంతలో ఎంత రభస జరిగేదో మా అమ్మ చెప్పేది. కానీ ప్రభుత్వం ఒక మంచిపని చేసింది. కొత్తకాసుకి 'నయా' అని పేరుపెట్టి, పాతకాసుని కూడా కొన్నాళ్ళు పక్కనే చెల్లనిచ్చింది. 1964లో గానీ ఆ 'నయా' అన్నమాట తీసెయ్యలేదు. ఏడేళ్ళు! జనం ఆ చేత్తో పాతది, ఈ చేత్తో కొత్తది పట్టుకుని నెమ్మదిగా ఒడ్డుకి చేరారు. పావలాని నాలుగణాలు అనేవాళ్ళు ఆ తరవాత కూడా ఎంతోకాలం ఉన్నారు, ఎవరూ తప్పుపట్టలేదు. కొత్తదాన్ని ఇచ్చేవాళ్ళు పాతదాన్ని చేతిలోంచి లాక్కోకుండా ఇవ్వాలి. నేను కోరేది అంతే.

అక్క దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఇంకొకటి ఉంది. మొదటి నోటుబుక్కులో అక్క రాసుకున్నవి చోట్లు: ఎడమవైపు, కింది మూల, మూడో వరస. రెండో నోటుబుక్కులో పేర్లు రాసుకుంది: "కిటికీ మీట. పేరు కొట్టు. వస్తుంది." పదకొండు మెట్లు మూడయ్యాయి. చోటు ఎవరైనా మార్చగలరు, పేరు అంత సులువుగా మారదు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు కంప్యూటరైనా, ఫోనైనా నేర్పేటప్పుడు వస్తువు ఎక్కడుందో కాదు, దాన్ని ఏమంటారో రాసివ్వండి. రోజూ వాడే రెండుమూడు వస్తువుల్ని కింది పట్టీకి అంటించిపెట్టండి. మీ చెయ్యి వెనక్కి పెట్టుకుని వాళ్ళ చేత్తోనే నొక్కించండి. ఒక మార్పు అలవాటయ్యేదాకా ఇంకొకటి చెయ్యకండి. అన్నిటికన్నా ముఖ్యం, మళ్ళీ అడిగితే విసుక్కోకండి. మీరు విసుక్కుంటే వాళ్ళు కరెంటు లేదంటారు.

ఆ చెంచా కొట్టిన పిల్ల ఇప్పుడు పద్నాలుగేళ్ళది. బావ పోయి నాలుగేళ్ళవుతోంది. స్కైపుని 2025 మే నెలలో ఎత్తేశారు. అక్టోబరు 14 నుంచి విండోస్ 10కి కూడా సంరక్షణ ఆపేశారు. దాంతో అక్క ఇంట్లోకి మళ్ళీ కొత్త యంత్రం, విండోస్ 11 వచ్చాయి. దీంట్లో ఆ బటన్ మూలనుంచి లేచి పట్టీ నడుమకి వచ్చి కూచుంది. నాకు భయమేసింది. అక్కకిప్పుడు డెబ్భై ఎనిమిది. ఫోను చేసి, "రేపు బస్సుకి వస్తున్నా," అన్నాను.

"ఎందుకే?" అంది అక్క. "కిటికీ మీట ఉన్న చోటే ఉండాది. పేరు కొడితే వస్తా ఉండాది. కాకపోతే ఆ బటన్ నడిమధ్య కూచుంటే నాకు బాగలేదు. మనవరాల్ని అడిగితే చెప్పింది. పట్టీమీద ఖాళీచోట మౌసు కుడిపక్క నొక్కి, టాస్క్‌బార్ సెట్టింగ్స్, దాంట్లో టాస్క్‌బార్ బిహేవియర్స్, అక్కడ అలైన్‌మెంట్‌ని లెఫ్ట్ అని పెట్టాలంట. పెట్టా. నోటుబుక్కులో రాసిపెట్టుకున్నా. నువ్వూ రాసుకో."

రాసుకున్నాను. ఇదిగో, మీకోసం ఇక్కడా రాశాను.

పెట్టేసే ముందు అడిగాను, "ఈసారి సిగ్గెయ్యలేదా మనవరాల్ని అడగటానికి?" అని.

"నాకెందుకు సిగ్గు?" అంది అక్క. "జరిపింది నేనా?"